మొదటి మీట

పాడైన కార్డు ఏది చేతికొచ్చినా వెనింగ్ ముందు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. కాలినదైతే మాడిన చేప వాసన వేస్తుంది. నీళ్లు తగిలినదైతే పాత తాళంచెవి వాసన. సోమవారం పొద్దున పాక్ దర్మాజి దినపత్రికలో చుట్టి తెచ్చి అద్దాల బల్ల మీద పెట్టిన కార్డుకు ఆ రెండు వాసనలూ లేవు. దుమ్ము, కాస్త రంపంపొట్టు, అంతే.

"కాలిపోయింది," అన్నాడు పాక్ దర్మాజి.

వెనింగ్ కార్డును దీపం కిందికి తిప్పింది. వెనకవైపు, వెంట్రుకంత సన్నటి రాగి దారులు పక్కపక్కనే పరుగెత్తే చోట, అడ్డంగా ఒక గీత ఉంది. స్క్రూడ్రైవర్ మొనంత వెడల్పు. గీత లోపల రాగి అప్పుడే తోమిన బిందెలా మెరుస్తోంది. పాత గీతైతే ఈపాటికి నల్లబడేది.

చెప్పాలని నోరు తెరిచి, మళ్లీ మూసేసింది. ఎదురుగా 'పాక్' అని గౌరవంగా పిలవాల్సిన పెద్దవాళ్లుంటే ఆమెకు మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోతుంది. సురబయా కంప్యూటర్ బజారు మూడో అంతస్తులో ఉన్న ఈ షాపుకు వచ్చి మూడేళ్లయినా ఆ అలవాటు పోలేదు. అన్నా అన్నట్టుగా ఆమె 'కో' అని పిలిచే షాపు యజమాని కో హన్ అందుకే ఆమెను వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. "నీకు మనుషులకంటే మరలే నయం," అని నవ్వేవాడు.

ఇప్పుడు కో హన్ పుచ్చగింజలు కొరుకుతూ అడిగాడు. "దేని కార్డు పాక్ ఇది?"

"మా మిల్లులో సీసీ కెమెరాల కంప్యూటర్ది. ఎనిమిది డిస్కులున్నాయి."

పాక్ దర్మాజి ప్లైవుడ్ మిల్లు మేనేజరు. బజారుకు వచ్చినా తెల్ల హెల్మెట్ చంకలో పెట్టుకునే వచ్చాడు. గొంతు ఎప్పుడూ పైకి లేవదు. మాట్లాడేటప్పుడు జేబులోని పెన్ను తీసి టిక్కుటిక్కుమని నొక్కుతుంటాడు.

"నాలుగో ప్రెస్సు మీద ఒకడు పోయాడు, వినే ఉంటారు. కాస్ది అని. పాపం, నిద్రమత్తులో అడ్డు జాలీ తీసి లోపల చెయ్యి పెట్టాడు. మర్నాడే ఈ కార్డు కాలిపోయింది. కార్మిక శాఖ మేడం వచ్చి డిస్కుల తలుపులకి సీలు కాగితం అంటించి పోయింది. గురువారం మళ్లీ వస్తుంది. ఈలోగా బయటి షాపువాళ్లతో కార్డు మార్పించమంది, తనే చూస్తానంది. మార్పిద్దాం. చట్టాన్ని మనం కాదంటామా?" పెన్ను టిక్కుమంది. "కాకపోతే ఈసారి వేరే కంపెనీది పెట్టండి, పెట్టె విప్పని కొత్తది. ఈ కంపెనీ మీద నాకు నమ్మకం పోయింది."

"వేరే కంపెనీదైతే..." అంది వెనింగ్.

ఇద్దరూ ఆమెకేసి తిరిగారు. 

"వేరే కంపెనీదైతే ఆ డిస్కుల్లో ఉన్నది చదవలేదు, పాక్. ఖాళీ డిస్కులనుకుంటుంది."

ఒక దృశ్యాన్ని ముక్కలు చేసి ఎనిమిది డిస్కులకూ పంచిపెట్టేది కార్డే. ఏ ముక్క ఎక్కడుందో గుర్తు రాసుకునేదీ అదే. ఒక డాక్టరు చీటీని ఆ వీధి మందుల షాపువాడు మాత్రమే చదవగలిగినట్టు, ఆ రాత ఆ కుటుంబం కార్డుకే అర్థమవుతుంది.

పాక్ దర్మాజి ఆమెను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు.

"చదవలేకపోతే ఎవరి తప్పమ్మా? యంత్రం తప్పు. మా మేనల్లుడికి కంప్యూటర్లు తెలుసు, వాడూ అదే చెప్పాడు. యంత్రాన్ని జైల్లో పెడతారా?" నవ్వాడు. "అవునూ, నీది ఏ ఊరు?"

"సుంబర్ వాతు, పాక్."

"సెంగోన్ తోటల ఊరే కదూ? మీ ఊరి దుంగలన్నీ మా మిల్లుకే వస్తాయి. మీ నాన్న పేరు?"

"తుకిరిన్."

"తుకిరిన్," అన్నాడు మెల్లగా. పేరును మడిచి జేబులో పెట్టుకున్నట్టుగా ఉంది ఆ అనడం. తెల్ల హెల్మెట్ తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. కార్డు చుట్టి తెచ్చిన దినపత్రిక బల్ల మీదే ఉండిపోయింది.

కో హన్ పుచ్చగింజల పొట్టు దులుపుకున్నాడు. "ఏమిటి, ఇవాళ నోరొచ్చింది నీకు?"

"అది కాలలేదు కో. ఎవరో గీకారు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని గీతను చాలాసేపు చూశాడు. కార్డును బోర్లించి బల్ల మీద పెట్టాడు.

"మనం చెప్పులు అమ్మేవాళ్లం. కొన్నవాడు ఎక్కడికి నడిచిపోతాడో మనకెందుకు? రేపు వెళ్లి ఆ డబ్బా చూసిరా. ఏ కార్డు పడుతుందో కొలుచుకురా. అంతే."

*

మిల్లు గేటు ముందు బస్సు దిగేసరికే జిగురు వాసనకు వెనింగ్ కళ్లు మండాయి. లోపల ప్రెస్సులు నిమిషానికోసారి నేలను గుద్దుతున్నాయి. గేటు పక్కన తోపుడుబండి మీద ఒకామె అరిటాకుల్లో అన్నం పొట్లాలు కడుతోంది. బండి చుట్టూ నీలం చొక్కాల పనివాళ్లు గొంతుక్కూర్చుని తింటున్నారు. వెనింగ్ సంచిలోని స్క్రూడ్రైవర్ల మోతకు ఒకడు తలెత్తాడు.

"ఏయ్, కంప్యూటర్ డాక్టరమ్మ వచ్చింది! అమ్మాయ్, నా ఫోనుకు జ్వరమొచ్చింది, సూదేస్తావా?"

"నీ ఫోనుకు కాదురా, నీ బుర్రకు వెయ్యాలి. అంత లావు సూది ఆ సంచిలో పట్టదు," అంది బండి దగ్గరామె. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చేతులు మాత్రం ఆగకుండా పనిచేస్తున్నాయి: ఆకు, అన్నం, వేయించిన సోయాగింజల టెంపె ముక్కలు, ఒక చెంచా మిరపకారం, మడత, పుల్ల.

వెనింగ్ లోపలికి వెళ్లి గంటలో పని ముగించింది. కంప్యూటర్ డబ్బా ప్రథమ చికిత్స గది పక్కన ఇనప బీరువాలో ఉంది. డిస్కుల తలుపుల మీద కార్మిక శాఖ ఎర్ర ముద్ర వేసిన కాగితం పట్టీ అడ్డంగా అంటించి ఉంది. కార్డు తీసి పెట్టేది పక్క రేకు నుంచి కాబట్టి ఆ సీలు జోలికి పోనక్కర్లేదు. ఆమె జానతో కొలిచింది, మదర్ బోర్డు పేరు చిన్న పుస్తకంలో రాసుకుంది, ఎనిమిది తీగల మీదా అంకెలు వేసింది. గుమ్మంలో కాపలావాడు నిలబడి ఆమె చేతులనే చూస్తున్నాడు.

బయటికి వచ్చాక ఆకలేసింది. పనివాళ్లు లోపలికి పోయారు. బండి దగ్గర బల్ల మీద ఒక మూల కూర్చుంది.

"కారం ఎక్కువా, తక్కువా?"

"తక్కువ, అక్కా."

"ఆ కెమెరాల డబ్బా బాగుచెయ్యడానికి వచ్చింది నువ్వేనా?"

వెనింగ్ తలూపింది. ఆమె పొట్లం ముందు పెట్టి, తడి గుడ్డతో చేతులు తుడుచుకుని, ఎదురుగా కూర్చుంది.

"నా పేరు కాత్మి. కాస్ది మా ఆయన."

వెనింగ్ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"తిను, తిను. అన్నం ముందు పెట్టుకుని ఆపకూడదు." కాత్మి గొంతు మామూలుగానే ఉంది. "పదకొండేళ్లు ఆ ప్రెస్సు మీద చేశాడు. నిద్రపోయాడంటున్నారు. ఇంట్లోనే సరిగ్గా నిద్రపోయేవాడు కాదే అమ్మా, ప్రెస్సు చెవుల్లో మోగుతోందని. జాలీ తనే తీశాడట. ఆ జాలీ ఇద్దరు మోస్తే గానీ కదలదు."

బండి కింది అరలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం ఒకటి తీసింది. నూనె చేతులతో ముట్టుకోకుండా కవర్‌తోనే చూపించింది.

"ఆయన అజాగ్రత్త వల్లే చచ్చిపోయాడని రాసుంది. గురువారం కెమెరాలో వేరేగా కనిపిస్తే దీన్ని చింపేస్తారట. ఏమీ కనిపించకపోతే నేను వేలిముద్ర వెయ్యాలట."

"వెయ్యకపోతే?"

"బండి ఇక్కడ ఉండదు. నన్నెవడూ తిట్టలేదు, అరవలేదు. పాక్ దర్మాజి మర్యాదగానే చెప్పాడు. ఏడో రోజు ప్రార్థనకు బియ్యం బస్తా, పంచదార పట్టుకొచ్చాడు. ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా ఆమీన్ అన్నాడు." కాత్మి కాగితం మళ్లీ అరలో పెట్టింది. "నాకు అక్షరం ముక్క రాదు. కానీ నా బొటనవేలు చెప్పిన అబద్ధాన్ని నా పిల్లలు పెద్దయ్యాక చదువుతారు కదా? మీ నాన్న నిద్రపోయి చచ్చాడట అని."

లోపల ప్రెస్సు నేలను గుద్దింది. బల్ల మీద నీళ్ల గ్లాసు వణికింది. వెనింగ్ ఆ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది.  

ఆమె బస్సెక్కుతుంటే గేటు లోపలినుంచి తెల్ల హెల్మెట్ ఒకటి తనవైపే తిరిగి ఉండడం కనిపించింది.

*

బుధవారం వెనక బల్ల మీద రెండు కార్డులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి వేరే కంపెనీది. రంగుల పెట్టె, మెరిసే సంచి, వేడి చల్లార్చే దాని అల్యూమినియం రెక్కలు చెయ్యి కోసుకునేంత పదును. రెండోది ఏదో పాత సర్వర్ లోంచి ఊడదీసి, మూడేళ్లుగా డ్రాయరులో పడేసింది. గీకిన కార్డుకు ఇది అక్కలాంటిది. చిప్పు అదే, రాత అదే. డిస్కుల చివర ఉన్న గుర్తుల్ని చదవగలదు.

పాతదాన్ని కనీసం పరీక్షించి చూద్దాం అనుకుంది వెనింగ్. పరీక్షిస్తే తప్పేముంది.

రెక్కలు విప్పి, ఎండి పెచ్చులైన పాత పేస్టును స్పిరిట్ గుడ్డతో తుడిచింది. కందిగింజంత కొత్త పేస్టు పెట్టి బిగించింది. మిల్లులో ఉన్నదానిలాంటి మదర్ బోర్డే షాపులో ఒకటి ఉంది. దానికి కార్డు గుచ్చి మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి కానీ తెర నల్లగానే ఉంది. తీసి, మళ్లీ గుచ్చింది. నలుపే.

ఆమెకు నవ్వొచ్చింది. ఈ జబ్బు తనకు తెలుసు. సర్వర్ లో పుట్టిన కార్డులు కొన్ని మామూలు బోర్డులతో మొదటి పలకరింపులోనే తగువు పెట్టుకుంటాయి. ఆ పలకరింపు నడిచేది కార్డు అంచున ఉన్న బంగారు పళ్లలో ఐదో పన్ను, ఆరో పన్ను మీదుగా. ఆ రెంటి నోరూ మూస్తే మిగతావన్నీ బుద్ధిగా పనిచేస్తాయి. పసుపురంగు టేపును బియ్యపుగింజంత కత్తిరించి, శ్రావణంతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆ రెండు పళ్ల మీదా అంటించింది. గోరుతో అంచులు నొక్కింది. మళ్లీ గుచ్చింది.

తెర వెలిగింది.

"బాగుపడిందా?" వెనకనుంచి కో హన్ గొంతు.

ఆమె ఉలిక్కిపడింది. "ఊరికే... పరీక్షించాను, కో."

"కొనేవాడు ఏది అడిగాడు?"

"కొత్తది."

"మరి?"

వెనింగ్ వేళ్లు టేపు ముక్కను నలుపుతున్నాయి. "ఆవిడ వేలిముద్ర వెయ్యాలట కో. కెమెరాలో ఏమీ లేకపోతే."

కో హన్ స్టూలు లాక్కుని కార్డు ముందు కూర్చున్నాడు. కింది అంతస్తులో ఎవరో స్పీకర్లు పరీక్షిస్తున్నారు. ఒకే పాట ముక్క పదేపదే మొదలై ఆగిపోతోంది.

"ఈ బజారులో ముప్ఫై ఎనిమిదేళ్లున్నాను. షాపు తగలబడడం ఒకసారి చూశాను. ఎవరు తగలబెట్టారో అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు," అన్నాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కొత్తది సర్ది పెట్టు. పొద్దున్నే వెళ్లాలి."

ఆయన భోజనానికి వెళ్లాడు. వెనింగ్ రంగుల పెట్టె తెరిచింది. కొత్త కార్డును తీసి డ్రాయరు అడుగున పెట్టింది. పాతదాన్ని మెరిసే సంచిలో దూర్చి, పెట్టెలో పెట్టి, మూత అంటించింది. అంతసేపూ ఆమెకు తండ్రి కనిపిస్తూనే ఉన్నాడు: నుదుటికి తువ్వాలు చుట్టుకుని, సెంగోన్ దుంగల మీద సుద్దతో అంకెలు వేస్తూ.

*

గురువారం పొద్దున కో హన్ తనే సంచి తెచ్చి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ చేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. కొత్త కార్డు రెక్కలు బరువు. పాతదానివి తేలిక. ముప్ఫై ఎనిమిదేళ్లుగా కార్డులు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఒక్క క్షణం ఆగింది.

వెనింగ్ నేలకేసి చూస్తూ నిలబడింది.

కో హన్ వెనక్కి తిరిగి, గోడకున్న మేకు మీదినుంచి అరచేతంత ఫ్యాను ఒకటి తీసి సంచిలో వేశాడు.

"ఇదీ పెట్టుకో. పాతవి తొందరగా వేడెక్కుతాయి," అన్నాడు. పుచ్చగింజల డబ్బా వెతుక్కుంటూ లోపలికి పోయాడు.

మిల్లులో పాక్ దర్మాజి ఆమెకోసం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. రంగుల పెట్టె చేతిలోకి తీసుకుని బొమ్మ చూశాడు. "నేను చెప్పిందే కదూ?"

వెనింగ్ తలూపింది. అబద్ధం చెప్పడానికి నోరు కూడా అక్కర్లేదని ఆమెకు ఆ రోజే తెలిసింది.

అతను ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఆమె వీపు వెనకే కూర్చున్నాడు. ఆమె పక్క రేకు విప్పింది. కార్డును సంచిలోంచి తీసేటప్పుడు వంగి, తన భుజం అడ్డం పెట్టుకుంది. టేపు ముక్క కదల్లేదు. స్లాటు మీద నిలబెట్టి, రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కింది. టక్. మర బిగించింది. తాను అంకెలు వేసిన తీగల్ని ఒకటి, రెండు, మూడు అని పెదాలు కదలకుండా లెక్కపెడుతూ తగిలించింది. ఫ్యానును రెక్కలకు దగ్గరగా ప్లాస్టిక్ పట్టీతో కట్టింది.

వెనక పెన్ను టిక్కుటిక్కుమంటోంది.

"పనిమంతురాలివే," అన్నాడు పాక్ దర్మాజి. "ఇప్పుడు విను. ఏ కార్డైనా మొదట స్క్రీన్ మీద అడుగుతుందట కదా, పాతది ఉంచాలా, చెరపాలా అని. చెరిపే వరస మీద పెట్టి నువ్వు లేచి పక్కన నిలబడు. మీట మాత్రం నొక్కకు. మా మిల్లు యజమాని పాక్ హాజీ వస్తున్నారు. ఇక్కడ కొత్త ప్రెస్సు పెట్టినా, కొత్త బావి తవ్వినా మొదటి మీట ఆయనదే. ప్రార్థన చదువుతారు, పసుపన్నం పోగు కొన కోస్తారు, ఆయన నొక్కుతారు. మేడం కూడా చూస్తుంది. ఆయన వేలు పడ్డ పనిని ఇది తప్పు అనే మొనగాడు ఈ జిల్లాలో లేడు."

వెనింగ్‌కు అప్పుడర్థమైంది. అతను దాచిపెట్టి చేయాలనుకోవడం లేదు. అందరి ముందూ, ప్రార్థన మధ్యలో, పెద్దాయన చేత్తోనే చేయించబోతున్నాడు.

"మీ నాన్న దుంగల లారీ ఎల్లుండే కదూ?" అన్నాడు అదే గొంతుతో. "గేటు దగ్గర నా పేరు చెప్పమను. నిలబెట్టరు."

ఆమె డబ్బా మీట నొక్కింది. ఫ్యాన్లు లేచాయి. తెర ఒక క్షణం, రెండు క్షణాలు, మూడు క్షణాలు నల్లగా ఉంది. తర్వాత ఇంగ్లీషు అక్షరాలు వరసగా దిగాయి. వేరే కార్డు రాసిన డిస్కులు కనిపించాయి అని కార్డు చెబుతోంది. కింద రెండే వరసలు: ఉన్నది ఉన్నట్టు తెచ్చుకో. చెరిపివెయ్యి. ఒక తెల్ల పట్టీ పై వరస మీద వెలుగుతోంది.

పాక్ దర్మాజి కుర్చీలోంచి ముందుకు వంగాడు. లవంగం సిగరెట్టు వాసన ఆమె మెడ మీదుగా వచ్చింది.

ఆమె కింది బాణం నొక్కింది. తెల్ల పట్టీ చెరిపే వరస మీదికి దిగింది.

"ఆఁ," అన్నాడు అతను తృప్తిగా. బయట కారు తలుపు చప్పుడైంది. హెల్మెట్ సర్దుకుని పెద్దాయనకు ఎదురు వెళ్లాడు.

గదిలో వెనింగ్ ఒక్కతే ఉంది. వరండాలో అడుగులు, పలకరింపులు దగ్గరవుతున్నాయి. చిన్న ఫ్యాను తేనెటీగలా తిరుగుతోంది. తండ్రి లారీ, గేటు, దుంగల మీద సుద్ద అంకెలు. నీళ్ల గ్లాసు వణకడం.

చూపుడువేలు పై బాణం మీద పెట్టింది. ఒక్కసారి నొక్కింది. లేచి గోడకు ఆనుకుని నిలబడింది.

ముందు పసుపన్నం వచ్చింది, వెదురు పళ్లెంలో గోపురంలా పోసి, చుట్టూ కోడిముక్కలు, గుడ్లు పేర్చి. వెనక పాక్ హాజీ, చేతికర్రతో, పెద్ద చెవులతో, సగమే వినిపించే ముసలాయన. కార్మిక శాఖ మేడం బు విదారి వంగి సీలు కాగితం అంచులు రెండూ వేలితో తడిమి చూసి, తలూపి నిలబడింది. ప్రార్థన చదివే పెద్దమనిషి, ఇద్దరు గుమాస్తాలు, చివరగా పాక్ దర్మాజి. గది నిండిపోయింది. కంప్యూటరుకూ పాక్ దర్మాజికీ మధ్య పసుపన్నం పళ్లెం పట్టుకున్న గుమాస్తాలు నిలబడ్డారు.

ప్రార్థన మొదలైంది. అందరి అరచేతులూ ఆకాశానికి తెరుచుకున్నాయి. తలలు వంగాయి.

వంగని తల ఒక్కటే. పాక్ దర్మాజి చేతులు చాచి ఉంచి, గుమాస్తాల భుజాల మధ్యలోంచి తెర చూశాడు. చూపు అక్కడే ఆగింది. పెదాలు ఆమీన్ అంటూనే ఉన్నాయి. కళ్లు మాత్రం తెల్ల పట్టీ మీదినుంచి వెనింగ్ మీదికి, వెనింగ్ మీదినుంచి పట్టీ మీదికి తిరిగాయి.  కానీ ప్రార్థన మధ్యలో చేతులు దించిన మనిషి ఆ గదిలోనే కాదు, ఆ ఊళ్లోనే లేడు. అన్నం గోపురాన్ని దాటి, యజమాని భుజాన్ని తోసి, మీట ముందుకు దూరే మేనేజరు ఎక్కడా పుట్టలేదు. ఏ మర్యాదను నమ్ముకుని అతను పెద్దాయనను పిలిపించాడో, అదే అతన్ని నిలువునా కట్టేసింది.

ప్రార్థన పొడుగైంది. చనిపోయిన కాస్ది కోసం ఒక మాట కూడా చదివారు.

"ఆమీన్," అన్నారు అందరూ. అరచేతులు ముఖాల మీదుగా దిగాయి.

"పాక్ హాజీ, ఒక్క నిమిషం..." అన్నాడు పాక్ దర్మాజి.

"ఏమిటీ?" ముసలాయన చెవి ఒగ్గాడు. "ఏది నొక్కాలమ్మాయ్? ఇదేనా?"

గది మొత్తం తనకేసి తిరిగింది. వెనింగ్ గొంతులో మాట ఎప్పటిలాగే కూర్చుని ఉంది. దాన్ని లేపి నిలబెట్టింది.

"అదే పాక్. కుడిపక్కనున్న పెద్ద మీట."

ముసలాయన బిస్మిల్లా అని, చేతికర్ర పట్టుకోని చేత్తో, గట్టిగా నొక్కాడు.

సీలు కాగితం వెనక డిస్కుల దీపాలు ఒకటొకటిగా వెలిగాయి. ఎనిమిదీ వెలిగాయి. ఆకుపచ్చగా మిణుకుమిణుకుమంటూ, నిద్రలేచిన వాళ్లు ఒకరినొకరు పలకరించుకున్నట్టు. కాసేపటికి తెర మీద కెమెరా గళ్లు పరుచుకున్నాయి.

"పన్నెండో తారీకు," అంది బు విదారి సంచిలోంచి పుస్తకం తీస్తూ. "మధ్యాహ్నం షిఫ్టు. నాలుగో ప్రెస్సు."

వెనింగ్ తారీకు కొట్టి పక్కకు జరిగింది. మొదట కొంచెం చూసింది. పసుపురంగు జాలీ ప్రెస్సుకు లేదు. గోడకు ఆనించి ఉంది. దాని మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. నీలం చొక్కా మనిషి జాలీకేసి చెయ్యి చూపిస్తున్నాడు. అతని ఎదుట తెల్ల హెల్మెట్ మనిషి చేతి గడియారం మీద వేలితో కొట్టి చూపిస్తున్నాడు. కానివ్వు, కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. ఆ తర్వాత వెనింగ్ చిన్న ఫ్యాను కేసి చూస్తూ ఉండిపోయింది. అది సరిగ్గానే తిరుగుతోంది.

 పళ్లెం పట్టుకున్న గుమాస్తా దాన్ని నేల మీద పెట్టేశాడు.

పాక్ హాజీ అడిగాడు. వినపడని మనిషి కాబట్టి గట్టిగానే అడిగాడు.

"దర్మాజీ, మన మిల్లులో తెల్ల హెల్మెట్ ఎంతమందికుంది?"

*

బు విదారి వరండాలోంచి గేటు వైపు పిలిచింది. "కాస్ది భార్య ఎవరమ్మా? లోపలికి రా."

కాత్మి చెయ్యి కడుక్కుంది. తడి గుడ్డ బండి అంచున వేసింది. పదకొండేళ్లు గేటు బయటే బండి పెట్టింది గానీ గేటు ఎప్పుడూ దాటలేదు. వెనింగ్ బయటికి వచ్చి బండి పక్కన నిలబడింది. కాత్మి ఆమె ముఖం చూసి, అరలోంచి ప్లాస్టిక్ కవర్ తీసి, కొంగులో చుట్టుకుంది.

"బండి చూస్తూ ఉండవే అమ్మా. కారం ఈ గిన్నెలో ఉంది. మరీ ఎక్కువెయ్యకు, కుర్రాళ్లు కళ్లు తుడుచుకుంటూ నన్ను తిడతారు," అని లోపలికి నడిచింది.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. నీలం చొక్కాలు వచ్చాయి. ఎవరూ జోకులు వెయ్యలేదు. గది కిటికీలోంచి ఎవరో చూశారు, ఎవరో విన్నారు, మిగతా అందరికీ తెలిసిపోయింది. వెనింగ్ ఆకు పరిచింది, అన్నం పెట్టింది, టెంపె ముక్కలు, కారం, మడత. మొదటి పొట్లం పుల్ల నిలబడలేదు. మూడోదానికి కుదిరింది.

"కారం ఎక్కువా, తక్కువా?" అని ఒక్కొక్కరినీ అడిగింది. గొంతు సన్నగా ఉన్నా అందరికీ వినిపించింది.

పదో పొట్లం కడుతుండగా బండి మీద నీడ పడింది. పాక్ దర్మాజి. హెల్మెట్ లేదు. నుదుటి మీద దాని పట్టీ ఒత్తిన ఎర్ర గీత ఉంది.

"ఏ బస్సుకు పోతావు?" అన్నాడు మెల్లగా. గొంతు ఇప్పటికీ పైకి లేవలేదు. "మీ ఊరి దారి చీకటిపడితే మంచిది కాదు. లారీలు వస్తుంటాయి. మీ నాన్నకు కూడా చెప్పు."

 వెనింగ్ చెంచా గిన్నె అంచుకు తగిలి చప్పుడైంది. అన్నం తింటున్న ఒకడు తలెత్తాడు. పక్కవాడు తలెత్తాడు. ఎవరూ లేవలేదు.  నములుతూ అతన్నే చూస్తున్నారు.

మిల్లులో మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది. ఎప్పుడూ ఆ మోతకు సగం ముద్దలోనే చెయ్యి కడుక్కునే మనుషులు ఎవరి చోట వాళ్లు కూర్చునే ఉన్నారు. ప్రెస్సులు నేలను గుద్దడం లేదు. బల్ల మీద నీళ్ల గ్లాసు కదలకుండా ఉంది.

వెనింగ్ కొత్త ఆకు ఒకటి తీసి తుడిచింది.

"భోజనం చేస్తారా, పాక్?" అంది. "కారం ఎక్కువా, తక్కువా?"